ఒక విద్యార్థి వ్యాసము: అలాస్కా భూముల కథ



నేను ముప్పదియైదు సంవత్సరములు పాఠశాలలో విద్యార్థుల వ్యాసములు దిద్దినవాడను. తప్పులను ఎఱ్ఱసిరాతో గుర్తించి, క్రింద మార్కులు వేసి, కట్టకట్టి బీరువాలో పెట్టినచో ఆ వ్యాసముల ఆయువు అంతటితో తీఱును. పరీక్షకొఱకు వ్రాసినది పరీక్షతోనే పోవుట లోకమర్యాద. కాని 1966వ సంవత్సరమున ఒక విద్యార్థి తన తరగతికొఱకు వ్రాసిన వ్యాసమొకటి అట్లు పోలేదు. అది అడిగిన ప్రశ్న ఒక దేశపు శాసనసభ వఱకును నడచెను. అయిదేండ్లు గడచునప్పటికి ఆ విద్యార్థి స్వజనులకును, వారి తోడి జాతులకును 4 కోట్ల 40 లక్షల ఎకరముల భూమి దక్కెను. ఆ ఒక్క వ్యాసమే ఇంతయు చేసెనని నేను చెప్పను. అనేకులు పాటుపడిరి, కాలము కలిసివచ్చెను. అయినను ప్రశ్నను సరిగా అడుగుటయే సగము పని యనుటకు ఇంతకంటె మంచి దృష్టాంతము నేనెఱుగను.

ఆ విద్యార్థి పేరు విల్లీ హెన్స్లీ. ఆయన జాతివారి భాషలో ఆయన పేరు ఇగ్గియాగ్రుక్. తరువాతికాలమున ఈయన శాసనసభ్యుడై, కంపెనీల నడపు పెద్దలలో ఒకడై, ప్రభుత్వమున మంత్రివంటి పదవి వహించి, చమురు రవాణా వ్యవహారములలో గూడ పనిచేసెను. ఈయన చరిత్రమును నేడు మీకు చెప్పదలచితిని. ఇది కేవలము ఒక మనుష్యుని కీర్తిని చాటుటకు కాదు. పూర్వులనుండి వచ్చిన భూమి కాగితముమీదికి ఎక్కునప్పుడు ఏమి దక్కును, ఏమి పోవును, దక్కినదానిని ముందుతరములకు నిలుపుట యెట్లు అను మూడు విషయములు ఈ కథలో ఇమిడియున్నవి.

అలాస్కా యనునది అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఒకటి. ఉత్తర అమెరికా ఖండమునకు వాయవ్యపు మూలన, రష్యా దేశమున కెదురుగా నున్నది. మన భారతదేశపు విస్తీర్ణములో ఇంచుమించు సగముండును. భూమి సుమారు 37 కోట్ల ఎకరములు. అందు జనులు మిక్కిలి తక్కువ. ఉత్తరభాగమున సముద్రము సంవత్సరములో చాల నెలలు గడ్డకట్టియుండును. శీతకాలమున కొన్ని దినములు సూర్యుడు కనబడీ కనబడనట్లు తొంగిచూచి పోవును. పైరులు పండవు. అక్కడ అనాదిగా నివసించు జనులు ఒక్క జాతివారు కారు. ఇనూపియాట్, యూపిక్, అలూట్, అథబాస్కన్, ట్లింగిట్, హైడా మున్నగు అనేక జాతులు గలవు. వీరు సముద్రమున సీలు మృగములను, తిమింగలములను, నేలమీద కేరిబూ అను దుప్పిజాతి మృగములను వేటాడియు, ఏళ్లలో చేపలు పట్టియు, వేసవిలో అడవిపండ్లు ఏఱియు జీవించెడివారు.

హెన్స్లీ 1941వ సంవత్సరమున ఉత్తరధ్రువవృత్తమునకు కొంచెము పైనున్న కోట్సెబ్యూ అను ఊర ఇనూపియాట్ జాతియందు జన్మించెను. బంధువులు దత్తునిగా పెంచిరి. ఊరికి దూరముగా కోట్సెబ్యూ అఖాతపు ఒడ్డున, పచ్చికగడ్డలు పేర్చి కట్టిన మట్టియింట ఆయన బాల్యము గడచెను. ఆ యింట దీపములేదు, నీటి కొళాయిలేదు. కుక్కలు లాగెడు బండి వాహనము. వేట దొరకిననాడు భోజనము, దొరకనినాడు నిలువచేసిన ఎండుచేప. ఒక కుటుంబమువారు వల వేయు స్థలమేదో, మఱియొక కుటుంబమువారు విడిది చేయు తావేదో అందఱును ఎఱిగియుండిరి. పట్టాలేదు, దస్తావేజులేదు. అవసరమును లేకుండెను.

ఆకాలమున అక్కడి పాఠశాలలయందు పిల్లలు తమ భాష మాటాడుట నిషిద్ధము. మాటాడినవారిని దండించెడివారు. పదునైదవయేట ఈ బాలుని ఒక క్రైస్తవ మతప్రచారకుని సాహాయ్యముతో వేల మైళ్ల దూరముననున్న టెనెసీ రాష్ట్రపు వసతిపాఠశాలకు పంపిరి. మంచు తప్ప మఱేమియు నెఱుగనివాడు మండువేసవి గల దేశమున, తన ముఖకవళికలవాడు మఱొక్కడును లేనిచోట నాలుగేండ్లు చదివి 1960లో ఆ చదువు ముగించెను. పిమ్మట దేశరాజధానియగు వాషింగ్టన్ నగరమునందలి విశ్వవిద్యాలయమున రాజనీతిశాస్త్రము చదివి 1966లో పట్టము పొందెను. ఇంటికి దూరమై భాషను కొంత కోల్పోయెను గాని, శాసనములు వ్రాయువారి భాషను నేర్చెను. అటుపై జరిగినదానికి ఈ రెండవ భాషయే ఆయుధమయ్యెను.

ఇక భూమి విషయము. 1867లో రష్యా ప్రభుత్వము అలాస్కాను అమెరికాకు 72 లక్షల డాలర్లకు అమ్మెను. లెక్క వేయగా ఎకరమునకు రెండు సెంట్లు, అనగా డాలరులో ఏబదవ వంతు. అమ్మినవారును కొన్నవారును ఆ భూమిమీద నివసించువారిని అడుగలేదు. క్రయపత్రమున వారినిగూర్చి, అమెరికా ప్రభుత్వము అప్పుడప్పుడు చేయు శాసనములకు లోబడియుందురని మాత్రము వ్రాసిరి. 1884లో శాసనసభయగు కాంగ్రెసు ఒక చట్టము చేసి, అక్కడి మూలవాసులు వాడుకొనుచున్న భూములయందు వారిని కదలింపరాదనియు, ఆ భూములకు హక్కుపత్రము లెట్లివ్వవలయునో ముందెప్పుడైన నిర్ణయింతుమనియు చెప్పెను. ఆ ‘ముందెప్పుడైన’ యన్నమాట ఎనుబదియేండ్లు దాటినను రాలేదు.

ఈలోపల రెండు సంగతులు జరిగెను. 1955లో ట్లింగిట్ జాతియందలి ఒక వంశమువారు తమ యడవిని ప్రభుత్వము అమ్మినదని దావా వేయగా, సర్వోన్నత న్యాయస్థానము, కాంగ్రెసు స్పష్టముగా గుర్తింపని అనాదిభోగమునకు నష్టపరిహారము నిచ్చుట రాజ్యాంగరీత్యా విధి కాదని తీర్పు చెప్పెను. అనగా ఈ వ్యాధికి న్యాయస్థానమున మందులేదు, శాసనసభయందే వెదకవలెను. రెండవది, 1959లో అలాస్కా రాష్ట్రమయ్యెను. క్రొత్తరాష్ట్రము తన పోషణకై 10 కోట్ల ఎకరములకు పైగా భూమిని తానే యెన్నుకొనవచ్చునని శాసనము. మన యూళ్లలో ఎవరికిని పట్టాలేని బంజరని సర్వేవాడు గీత గీయునప్పుడు, అక్కడ తాతలనాటినుండి పశువులు మేపుకొనువాని గుండె యెట్లు కొట్టుకొనునో మీకు చెప్పనక్కఱలేదు. అలాస్కాలోని ఊళ్ల పరిస్థితి అట్టిది. రాష్ట్రప్రభుత్వము మంచి భూములను ఒక్కొక్కటే యెన్నుకొనుచుండెను.

1966 వసంతకాలమున హెన్స్లీ అలాస్కా విశ్వవిద్యాలయమున, ఆ రాష్ట్రపు ఉన్నత న్యాయమూర్తులలో ఒకరగు జే రాబినోవిట్జ్ చెప్పుచుండిన రాజ్యాంగధర్మ పాఠమునకు కూర్చుండెను. అందు వ్రాయవలసిన వ్యాసమునకు ఈయన ఎన్నుకొన్న విషయము, అలాస్కా మూలవాసులకు భూమిపై నున్న హక్కులెవ్వి యనునది. ఇంతవఱకు నేను చెప్పిన 1867 నాటి క్రయపత్రము, 1884 నాటి చట్టము, 1955 నాటి తీర్పు, రాష్ట్రావతరణ శాసనము — వీనినన్నిటిని ఆయన ఒక్కొక్కటిగా చదువుచు పోయెను. చదువగా చదువగా ఒక సంగతి తేలెను. ఆ భూమిని మూలవాసులు ఎవరికిని అమ్మలేదు, యుద్ధమున ఓడిపోలేదు, ఒడంబడికచేసి విడువలేదు. వారి హక్కును తీసివేయు శాసనమును ఎవరును చేయలేదు. మఱి ఆ హక్కు ఎక్కడకు పోయినట్లు? పోలేదు, ఉన్నది! తేల్చనందున నిలిచియున్నది. ఇదియే ఆ వ్యాసపు సారము.

పెద్దలారా, ఇందు గమనింపదగినది ఒకటి కలదు. దయచూపుడని ఆ వ్యాసము వేడుకొనలేదు, అన్యాయమని ఏడ్వలేదు. ఏ కాగితముల బలముతో ఎదుటివారు భూమిని తీసికొనుచుండిరో ఆ కాగితములనే తెఱచి, ఇందు మా హక్కు పోయినదని వ్రాసినచోటు చూపుడని అడిగెను. వ్యవహారమెఱిగిన కరణము చేయు పని యిది.

వ్యాసము వ్రాసి ఊరకుండక ఆయన తన జిల్లాయందలి ఊరూర తిరిగి, ఆ యేటనే వాయవ్య అలాస్కా జనుల సంఘమును స్థాపించుటకు తోడ్పడి, ఆ భూములపై హక్కు దాఖలుచేయించెను. అదే సంవత్సరము అక్టోబరులో ఎమిల్ నాటీ అనునాయన పిలుపుమీద అన్నిజాతుల ప్రతినిధులు ఆంకరేజ్ నగరమున మొదటిసారి కూడి, అలాస్కా నేటివుల సమాఖ్యకు పునాది వేసిరి. అంతవఱకు ఆ జాతులకు ఒండొరులతో పరిచయమే తక్కువ, భాషలు వేఱు. టయోనెక్ అను చిన్న ఊరివారు తమకు చమురు కౌలువలన వచ్చిన ద్రవ్యములోనుండి ఈ కార్యమునకు సాయపడిరి. పిమ్మట దక్షిణమున వాషింగ్టన్ రాష్ట్రమునందలి యాకమా జాతివారు అప్పిచ్చిరి. నవంబరులో హెన్స్లీ రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యెను. అప్పటికి ఆయన వయస్సు 25 సంవత్సరములు.

ఆ సంవత్సరాంతముననే దేశపు అంతరంగశాఖ కార్యదర్శి స్టూవర్ట్ యూడాల్, మూలవాసుల హక్కు తేలువఱకు అలాస్కాలో భూముల బదలాయింపు నిలిపివేసెను. రాష్ట్ర గవర్నరు వాల్టర్ హికెల్ దీనిని తీవ్రముగా నెదిరించి దావా వేసెను. విధివిలాసము చూడుడు, తరువాత కొలదికాలమునకు ఆ హికెల్‌నే అంతరంగశాఖ కార్యదర్శిగా నియమింపదలచిరి. ఆ నియామకమును ఆమోదించుటకు సెనెటు సభవారు, ఆయన ఎదిరించిన ఆ నిలుపుదలను ఆయనయే కొనసాగింపవలెనని మాట పుచ్చుకొనిరి.

ఇంతలో 1968లో ఉత్తరతీరమున ప్రూడో అఖాతమునొద్ద అపారమైన చమురు బయటపడెను. 1969 సెప్టెంబరులో రాష్ట్రప్రభుత్వము అక్కడి చమురు కౌళ్లను వేలము వేయగా ఒక్క దినమున 90 కోట్ల డాలర్లు వచ్చెను. కాని తీసిన చమురును దక్షిణమున మంచుగట్టని రేవునకు చేర్చుటకు 800 మైళ్ల గొట్టము వేయవలెను. ఆ గొట్టము పోవు దారిలోని భూమి ఎవరిది? హెన్స్లీ వ్యాసపు ప్రశ్నయే మఱల యెదురు వచ్చెను. 1970లో దారిలోని గ్రామమువారు న్యాయస్థానమున కెక్కగా పని నిలిచెను. అంతవఱకు మూలవాసుల మొఱ వినని చమురు కంపెనీలే, ఈ తగవు త్వరగా తీర్పుడని శాసనసభను కోరవలసివచ్చెను. హక్కు తేలక వ్యాపారము సాగదని ధనవంతునకు తోచిననాడు బీదవాని వ్యాజ్యము కదలును.

తుదకు 1971వ సంవత్సరము డిసెంబరు 18వ తేదీన అధ్యక్షుడు నిక్సన్ అలాస్కా నేటివుల హక్కు పరిష్కార చట్టముపై సంతకము చేసెను. అంతకుముందు సమాఖ్యవారు సభచేసి 511 వోట్లతో దీనిని అంగీకరించిరి. 56 వోట్లు ఎదురుపడెను. ఆ 56 వోట్లను మనము మఱవరాదు. వారు ఎదిరించుటకు కారణములు లేకపోలేదు.

చట్టమువలన వచ్చినదేమి? 4 కోట్ల 40 లక్షల ఎకరముల భూమి, 96 కోట్ల 25 లక్షల డాలర్ల ధనము. పోయినదేమి? మిగిలిన సుమారు 32 కోట్ల ఎకరములపై నుండిన అనాదిహక్కు. ఆ ధనమును ఆ ఎకరములచేత భాగింపగా ఎకరమునకు ఇంచుమించు మూడు డాలర్లు. భూమితోపాటు అనాదిగావచ్చిన వేటహక్కును, చేపలు పట్టుకొను హక్కును గూడ చట్టము రద్దుచేసెను. వేటవలన బ్రదుకు జనులకు ఇది సామాన్యమైన నష్టము కాదు. ఆ వేటవిషయమైన తగవు తరువాత దశాబ్దములతరబడి జరిగెను.

ఇక భూమిని ఇచ్చినతీరు వినుడు. ఇది క్రొత్తది. అమెరికాలో ఇతరజాతులకువలె ప్రభుత్వపు సంరక్షణలో ప్రత్యేకప్రాంతములు కేటాయింపక, ఈ భూమిని కంపెనీల పేర వ్రాసిరి. రాష్ట్రమును 12 ప్రాంతములుగా విభజించి, ప్రాంతమునకొక కంపెనీని, వానిక్రింద రెండువందలకు పైగా గ్రామకంపెనీలను ఏర్పఱచిరి. రాష్ట్రము వెలుపల నివసించువారికి పిమ్మట పదుమూడవ కంపెనీ ఏర్పడెను. గ్రామకంపెనీకి నేలపైభాగము, ప్రాంతకంపెనీకి భూగర్భమునందలి ఖనిజములు. మూలవాసియగు ప్రతివానికిని తన ప్రాంతకంపెనీలో నూఱు వాటాలు. ఇట్లు వాటాదారులైనవారు సుమారు 80 వేలమంది.

వాటా యనగానేమి? ఒక ఊరిచెఱువు ఉన్నదనుకొనుడు. అందు ప్రతి రైతునకును నీటిపాలు కలదు. ఈ మూలనీళ్లు నావి యని ఎవడును గట్టు వేసికొనజాలడు. పెద్దలు కూడి నీరు వదలు వేళలను నిర్ణయింతురు. కంపెనీ వాటాయు ఇట్టిదే. భూమి కంపెనీది, కంపెనీ వాటాదారులది. వారు తమలోనుండి పాలకవర్గమును ఎన్నుకొందురు. లాభము వచ్చినచో వాటాలవెంబడి పంచుకొందురు. నష్టము వచ్చినచో అందఱికిని నష్టమే. ఇంతవఱకు బాగుగనే యున్నది. కాని చెఱువునకును కంపెనీకిని ఒక భేదము కలదు. చెఱువులోని పాలును ఒంటిగా పరదేశికి అమ్ముకొని పోవుట పరిపాటి కాదు. కంపెనీ వాటా మాత్రము పుట్టినదే అమ్ముడుపోవుటకు.

ఆ చట్టమున రెండు ముండ్లు దాగియుండెను. మొదటిది: వాటాలను 20 సంవత్సరములు అమ్మరాదనిరి, అనగా 1991 తరువాత అమ్మవచ్చును. కఱవువచ్చి ఒకడు, కుమార్తె పెండ్లికి ఒకడు, త్రాగుడునకు మఱియొకడు అమ్ముకొనుచు పోయినచో, గొప్ప ధనవంతుడొకడు మెల్లగా వాటాలన్నియు కొని, ఒక్క గజము నేలనైన అన్యాక్రాంతము చేసినట్లు కనబడకయే జాతిభూమినంతను కైవసము చేసికొనవచ్చును. మన తెలుగునాట ఏజన్సీ ప్రాంతములందు గిరిజనుల భూమి గిరిజనేతరులకు చెల్లదని 1970వ సంవత్సరపు 1వ రెగ్యులేషను చెప్పుట పెద్దలెఱుగుదురు. అక్కడ కావలి యుండవలసినది భూమిపత్రముమీద గాక వాటాకాగితముమీద. రెండవ ముల్లు ఇంకను క్రూరమైనది. 1971 డిసెంబరు 18వ తేదీవఱకు పుట్టినవారికే వాటా. ఆ మఱునాడు పుట్టిన బిడ్డకు లేదు. ఒకే తల్లికడుపున పుట్టిన అన్న భూస్వామి, తమ్ముడు పరదేశి! ఇట్టి విభాగమును ఏ ధర్మశాస్త్రమును ఒప్పదు.

ఈ రెండు ముండ్లను తీయుటకు సమాఖ్యవారు 1980వ దశకమంతయు పాటుపడిరి. 1988 ఫిబ్రవరిలో సవరణచట్టము వచ్చెను. దానివలన, వాటాదారులు తాముగా వోటుచేసి తెఱచిననే తప్ప, వాటాలు 1991 తరువాతను అమ్మకమునకు రావు. క్రొత్తగా పుట్టినవారికి వాటాలిచ్చుటకు గూడ కంపెనీలకు వీలు కలిగెను. వీలు కలిగినంతమాత్రమున అందఱును ఇచ్చిరా? లేదు. పిల్లలకిచ్చినచో తమ పాలు పలుచనగునని కొందఱు వెనుదీసిరి. హెన్స్లీ స్థాపకులలో ఒకడై 20 సంవత్సరములు పాలకవర్గమునందుండిన ‘నానా’ అను వాయవ్యప్రాంతపు కంపెనీ, తరువాత పుట్టినవారిని మొట్టమొదట చేర్చుకొన్న కంపెనీలలో ఒకటి. మొదట అందు సుమారు 5 వేలమంది వాటాదారులు. నేడు 14 వేలకు పైబడియున్నారు. విస్తరి చిన్నదియైనను పంక్తిలో పిల్లలను లేపివేయరాదని ఆ వాటాదారులు తలచిరి.

ఆ ‘నానా’ కంపెనీ నడవడినిగూర్చి కొంచెము చెప్పవలెను. అది జాన్ షేఫర్ మున్నగు పలువురి కృషిఫలము. 1976లో తన ప్రాంతమునందలి 11 గ్రామకంపెనీలలో పదింటిని తనలో కలుపుకొనెను. చిన్నకంపెనీకొక వకీలు, ఒక లెక్కల గుమాస్తా యని ధనము వ్యర్థము కాకుండుట కిది ఉపాయము. చమురు క్షేత్రములందు పనివారికి భోజనవసతులు సమకూర్చుట, కావలికాయుట వంటి పనులు చేపట్టి తనవారికి జీతములు కల్పించెను.

తమ భూమిలో రెడ్ డాగ్, అనగా ఎఱ్ఱకుక్క యనుచోట తుత్తునాగము, సీసము విశేషముగా నుండెను. తుత్తునాగమనగా మన జింకురేకులకు త్రుప్పు పట్టకుండ పూయు లోహము. దానిని త్రవ్వవలెనా, వలదా? వేటభూమి చెడునని భయము, పనిలేక యువకులు చెడుచున్నారని భయము. చాలకాలము తర్కించి 1982లో కొమింకో అను కెనడా కంపెనీతో ఒడంబడిక చేసికొనిరి. భూమిని అమ్మలేదు, కౌలుకిచ్చిరి. 1989లో ఉత్పత్తి ఆరంభమయ్యెను. ఒడంబడిక తీరు వినుడు: గని కట్టుటకైన పెట్టుబడి తిరిగి వచ్చువఱకు స్వామిభోగము, అనగా రాయల్టీ మాత్రము. ఆపైన నికరలాభములో నూటికి 25 పాళ్లు, అయిదేండ్లకొకసారి అయిదుపాళ్ల చొప్పున పెరిగి తుదకు సగపాలు. ఈ లాభపుపాలు 2007లో మొదలయ్యెను. సేద్యపు కౌళ్లు వ్రాసికొన్న మీకు ఈ షరతు విలువ నాకంటె బాగుగ తెలియును. ఇందు ఓర్పే ప్రధానము.

వచ్చిన లాభమును అంతయు తామే తినుటకు లేదు. 1971 చట్టమునందలి ఒక నియమముచేత, ప్రాంతకంపెనీకి అడవివలనను భూగర్భమువలనను వచ్చు ఆదాయములో నూటికి 70 పాళ్లను పన్నెండు ప్రాంతములవారును జనసంఖ్యనుబట్టి పంచుకొనవలెను. ఒకరి నేలలో బంగారము, ఒకరి నేలలో బురద యున్నను అందఱును అన్నదమ్ములే యని దీని భావము. భావము గొప్పదియైనను, ఖర్చులు తీసివేయుట యెట్లని పదేండ్లు వ్యాజ్యములాడి 1982లో గాని వారు రాజీపడలేదు. అన్నదమ్ముల పంపకమున అదియు సహజమే.

ఈ గనివిషయమున నాకు మిక్కిలి నచ్చినది, దగ్గఱి గ్రామములగు నోటాక్, కివలీనాల పెద్దలతో ఏర్పఱచిన సంఘము. కేరిబూ మందలు దారి దాటునప్పుడును, సముద్రమృగములు తీరమునకు వచ్చునప్పుడును, ఆ పెద్దలు చెప్పినచో లోహపుబండ్లు నిలువవలెను, ఓడలు ఆగవలెను. లెక్కలు చదివినవారు నడపు గనిలో మృగముల నడక యెఱిగిన వృద్ధుల మాటకు చోటుండుట సామాన్యము కాదు. అయినను అంతయు సుఖముగ జరిగినదని చెప్పుట సత్యము కాదు. గనినీరు తమ యేటిలో కలియుచున్నదని కివలీనావారు కొందఱు న్యాయస్థానమున కెక్కిరి. మఱియు ఆ గనిలోని లోహము 2031 ప్రాంతమున అయిపోవునని అంచనా. గని తరగునది, భూమి తరగనిది. లోహము తీఱిననాడు ఏమి చేయవలెనను చింత నేడు ఆ జనులకు పెద్దది.

ఇక హెన్స్లీ స్వవిషయము. రాష్ట్ర శాసనసభయొక్క రెండు శాఖలలోను ఆయన పలుమాఱులు సభ్యుడుగా నుండెను. 1974లో దేశపు ప్రతినిధిసభకు పోటీచేసి డాన్ యంగ్ చేతిలో ఓడిపోయెను. ‘నానా’ కంపెనీవారి అభివృద్ధి సంస్థకు అధ్యక్షత వహించెను. 1990వ దశకమున టోనీ నోల్స్ గవర్నరుగా నుండగా వాణిజ్య ఆర్థికాభివృద్ధిశాఖకు అధిపతియయ్యెను. తరువాత, 1977నుండి ఆ 800 మైళ్ల చమురుగొట్టమును నడపుచున్న అలియెస్కా సంస్థ తరఫున వాషింగ్టన్ నగరమున ప్రభుత్వ వ్యవహారములు చూచి 2006లో విశ్రాంతి గైకొనెను. 2009లో స్వీయచరిత్రమును ప్రకటించెను.

చమురు కంపెనీల దారికి అడ్డుగా నిలిచినవాడు తుదకు చమురుగొట్టపు కొలువున చేరుట యేమి యని మీలో ఎవరైన అడుగవచ్చును. నేనును ఆలోచించితిని. చమురు తీయవలదని ఆయన వ్యాసము చెప్పలేదు. భూమి ఎవరిదో ముందు తేల్పుడని చెప్పెను. యజమానుడని ఒప్పుకొన్నపిమ్మట వ్యాపారము చేయుట వేఱు, ఒప్పుకొనకమునుపు దోపిడికి తలవంచుట వేఱు. అయినను కంపెనీ, లాభము, వాటా అను మార్గమున నడచు జాతి తన పూర్వపు మనస్సును నిలుపుకొనగలదా యను సందేహము నాకు పూర్తిగా తీఱలేదు.

ఆ సందేహము హెన్స్లీకిని కలిగెను. భూమి దక్కినది, కంపెనీ నిలిచినది. కాని పిల్లలకు భాష రాదు, యువకులు మద్యమున పడిరి, ఆత్మహత్యలు హెచ్చెను. భూమిని గెలిచి మనుష్యులను కోల్పోవుచున్నామని గ్రహించి, 1980వ దశకపు ఆరంభమున ఆయనయు తోడివారును ‘ఇనూపియాట్ ఇలిత్కుసియాత్’ అను ఉద్యమమును లేవదీసిరి. ఇనూపియాట్ జనుల ఆత్మతత్త్వమని దాని భావము. ఊరూర వృద్ధులను కూర్చుండబెట్టి, మనవారి గుణములెవ్వియో చెప్పుడని అడిగి వ్రాసికొనిరి. మన భాష తెలియుట, వంశము తెలియుట, పెద్దలయెడ గౌరవము, పిల్లలయెడ ప్రేమ, ఉన్నది పంచుకొనుట, కష్టపడుట, వినయము, హాస్యము — ఇట్టివి ఆ పట్టికలోనివి. పదునైదవయేట ఇల్లువిడిచి పరభాషలో చట్టము నేర్చినవాడు, నడివయస్సున మఱల వృద్ధులముందు శిష్యుడై కూర్చుండెను.

పెద్దలారా, ఈ కథవలన నేను నేర్చినది చెప్పి ముగింతును. అనాదిగా అనుభవించుచున్నామన్న మాట నిజమైనను, ఆ నిజమును కాగితపుభాషలో చెప్పగలవాడు ఇంటికొక్కడైన ఉండవలెను. కాని కాగితమున గెలిచినది కాగితముననే పోవచ్చును. కావున దక్కినదానికి అమ్మకపుగడువు ఎక్కడ దాగియున్నదో, ఇంకను పుట్టని బిడ్డలకు అందు చోటున్నదో లేదో చదివి చూడవలెను. మీ యిండ్లలో పాతపెట్టెల యడుగున పట్టాలు, పంపకపు కాగితములు ఉండును. ఒకనాటి సాయంకాలము మీ మనుమలను మనుమరాండ్రను కూర్చుండబెట్టి వానిని చదివింపుడు. చదువుచు వారు ప్రశ్నలు వేసినచో విసుగుకొనకుడు. ఏ ప్రశ్న ఎంతదూరము పోవునో ఎవరెఱుగుదురు?